గురుకులంలో కరోనా: ఏ గదిలో ఎవరిని ఉంచాలి, ఎవరిని ఎప్పుడు వదలాలి?

ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి సెలవులయ్యాక 2022 జనవరి 17న, తెలంగాణలో ఫిబ్రవరి 1న బడులు మళ్లీ మొదలయ్యాయి. పగటి బడిలో జ్వరం వచ్చిన పిల్లను ఇంటికి పంపిస్తే బడి మటుకు గండం గడిచినట్టే. గురుకులంలో బడే ఇల్లు. పిల్లలు ఒక్కచోట తింటారు, రాత్రంతా ఒకే గదిలో ఒకే గాలి పీలుస్తారు. ఒకరికి వచ్చిందని తెలిసేసరికి పక్క మంచాలకు చేరిపోయి ఉంటుంది. ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం హాస్టళ్ల నుంచీ, హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల నుంచీ వచ్చినవే. ఫిబ్రవరి 2022 నాటికి అమల్లో ఉన్న కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధనలను అనుసరించి జవాబులిస్తున్నాం. చికిత్స విషయంలో మీ పీహెచ్‌సీ డాక్టరు మాటే చివరి మాట.

ప్రశ్న: మా బాలికల గురుకులంలో ఐదో తరగతి నుంచి ఇంటర్ వరకు 640 మంది ఉన్నారు. సిక్ రూమ్ ఒకటే, అందులో నాలుగు మంచాలు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లందరినీ అందులోనే పడుకోబెడుతున్నాం. పాజిటివ్ కేసులు వస్తే ఆ గది సరిపోతుందా? (ప్రిన్సిపాల్, మహబూబ్‌నగర్ జిల్లా)

సరిపోదు. ముందుగా, ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఆపండి. దగ్గేవాళ్లందరినీ ఒకే గదిలో పెడితే మామూలు జలుబుతో వచ్చిన పిల్లకు ఆ గదిలోనే కరోనా అంటుతుంది. హాస్టళ్లలో తరచుగా జరిగే పొరపాటు ఇదే.

మీకు మూడు రకాల చోట్లు కావాలి. మొదటిది పాజిటివ్ అని తేలినవాళ్లకు. రెండోది లక్షణాలు ఉండి, ఫలితం ఇంకా రానివాళ్లకు. మూడోది పాజిటివ్ పిల్లతో కలిసి ఉండి, ఏ లక్షణమూ లేనివాళ్లకు. ఈ మూడో రకానికి కొత్త గది వెతకక్కర్లేదు, వాళ్ల డార్మిటరీయే వాళ్ల క్వారంటైన్. అక్కడి నుంచి తీసుకెళ్లి వేరేవాళ్లతో కలిపితే మీరే వైరస్‌ను మోసుకెళ్లినట్టవుతుంది.

పాజిటివ్ పిల్లలు ఒకే గదిలో కలిసి ఉండొచ్చు. అందరికీ ఉన్నది అదే జబ్బు కాబట్టి వాళ్ల మధ్య ఆరడుగుల దూరం పాటించక్కర్లేదు. కబుర్లు చెప్పుకోవచ్చు, క్యారమ్స్ ఆడుకోవచ్చు. దీనివల్ల వాళ్ల భయం సగం తగ్గుతుంది. కానీ ఫలితం కోసం ఎదురుచూసేవాళ్లను మాత్రం ఒకరితో ఒకరిని కలపకూడదు, ఎందుకంటే వాళ్లలో ఎవరికి ఉందో ఎవరికి లేదో తెలియదు. కాబట్టి పెద్ద గది పాజిటివ్ వాళ్లకు, చిన్న చిన్న గదులు అనుమానం ఉన్నవాళ్లకు కేటాయించండి. ఖాళీగా ఉన్న స్టాఫ్ క్వార్టర్, ల్యాబ్, లైబ్రరీ, స్టోర్ పక్క గది, ఏదైనా పనికొస్తుంది. గదికొకరు కుదరకపోతే మంచాల మధ్య కనీసం ఆరడుగులు వదిలి, మధ్యలో దుప్పటి తెర కట్టి, నిద్రపోయే వేళ తప్ప మాస్కు వేయించండి.

నూటికి ఐదుగురి లెక్కన, అంటే మీకు 32 మందికి సరిపడే చోటు ముందే గుర్తించి పెట్టుకోండి. కింది అంతస్తులో, బ్లాకు చివర, రెండు వైపులా కిటికీలు ఉన్న తరగతి గదులైతే మంచిది. వాళ్లకు విడిగా బాత్రూమ్ ఉండాలి. అది లేని గది ఎంత పెద్దదైనా ఐసోలేషన్‌కు పనికిరాదు.

మీ పాత సిక్ రూమ్‌ను మాత్రం కరోనాకు ఇవ్వొద్దు. నెలసరి నొప్పి, దెబ్బలు, కడుపునొప్పి, ఫిట్స్ మందులు వాడే పిల్లలు ఎప్పటిలాగే అక్కడికి రావాలి. అక్కడ కరోనా ఉందంటే వాళ్లు రావడం మానేస్తారు. ఏఎన్‌ఎం (నర్సు) ఒక్కరే ఉంటే ఆమె రోజు తిరిగే వరస ఇలా ఉండాలి: మొదట మామూలు సిక్ రూమ్, తర్వాత క్వారంటైన్ డార్మిటరీ, ఆ తర్వాత ఫలితం రానివాళ్లు, చివర పాజిటివ్ గది. ఈ వరస తలకిందులు కాకూడదు.

ప్రశ్న: 40 మంది పడుకునే డార్మిటరీలో ఒకమ్మాయికి పాజిటివ్ వచ్చింది. మిగతా 39 మందికి అదే రోజు ర్యాపిడ్ టెస్ట్ చేయిస్తే అందరికీ నెగటివ్. క్వారంటైన్ ఎత్తేశాం. నాలుగు రోజుల తర్వాత ముగ్గురికి జ్వరం. టెస్టులో తప్పు జరిగిందా? (వార్డెన్, నల్గొండ జిల్లా)

టెస్టు తప్పు కాదు, చేసిన రోజు తప్పు. వైరస్ ఒంట్లోకి చేరాక టెస్టులో కనిపించేంతగా పెరగడానికి సమయం పడుతుంది. ఒమిక్రాన్‌లో సుమారు మూడు రోజులు, అంతకుముందు రకాల్లో ఐదు రోజుల దాకా పట్టేది. ఏ లక్షణమూ లేనివాళ్లకు మొదటి రోజే చేసే టెస్టు వల్ల వచ్చేది లేనిపోని ధైర్యమే. వాళ్లకు ఐదో రోజు చేయించండి. లక్షణాలు ఉన్నవాళ్లకు మాత్రం ఆగకుండా అదే రోజు చేయించాలి. ర్యాపిడ్‌లో పాజిటివ్ వస్తే అది పాజిటివే. లక్షణాలు ఉండి నెగటివ్ వస్తే ఆర్టీపీసీఆర్‌కు పంపాలి, ఫలితం వచ్చేదాకా ఆ పిల్లను డార్మిటరీకి తిరిగి పంపొద్దు.

కిట్లు పాడయ్యే తీరు కూడా చూసుకోండి. ఎక్కువ కిట్లను 30 డిగ్రీల లోపే ఉంచాలి. ఎండలో నిలిపిన జీపులో మధ్యాహ్నం దాకా ఉంచిన కిట్టును నమ్మలేం. ఫలితాన్ని పెట్టె మీద రాసిన సమయానికే చదవాలి, ఎక్కువ కిట్లకు అది 15 నిమిషాలు. అరగంట తర్వాత వెళ్లి చూస్తే లేని గీత కనిపించవచ్చు.

ఇక రోజుల లెక్క. పాజిటివ్ పిల్లతో ఆఖరిసారి కలిసి ఉన్న రోజు సున్నా. అక్కడి నుంచి ఏడు రోజులు. చిక్కు ఎక్కడంటే, క్వారంటైన్‌లో ఉన్న 39 మందీ మళ్లీ ఒకే గదిలో పడుకుంటున్నారు. ఐదో రోజు ఇంకొకరికి జ్వరం వస్తే ఆమెతో అప్పటిదాకా కలిసి ఉన్నవాళ్లందరికీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇలా రెండు మూడు సార్లు జరిగితే క్వారంటైన్ రెండు మూడు వారాలకు పైగా సాగుతుంది, పిల్లలు విసిగిపోతారు, అప్పుడు జ్వరం వచ్చినా చెప్పడం మానేస్తారు.

దీనికి మందు గుంపును చీల్చడం. మొదటి పాజిటివ్ రాగానే అదే సాయంత్రం ఆ 39 మందిని ఎనిమిదేసి మంది గుంపులుగా విడదీయండి. పాజిటివ్ పిల్లకు అటూ ఇటూ మంచాల వాళ్లు, ఒకే కంచం దగ్గర కూర్చునే స్నేహితులు, స్టడీ అవర్‌లో పక్కన కూర్చునేవాళ్లు మొదటి గుంపు. మిగతావాళ్లను మంచాల వరసను బట్టి పంచండి. ఒక గుంపుకు ఒక తరగతి గది, ఒక బాత్రూమ్ వేళ, ఒక భోజనం వేళ. తర్వాత ఎవరికి జ్వరం వచ్చినా ఆ ఎనిమిది మందికే లెక్క మళ్లీ మొదలవుతుంది, మిగతావాళ్లు అనుకున్న రోజుకు బయటపడతారు. అద్దె భవనాల్లో తరగతి గదే రాత్రికి పడకగది అయ్యే గురుకులాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఈ పని ఇంకా తేలిక, అక్కడ గదులు ముందే చిన్నవి.

కలిసి ఉన్నవాళ్లు ఎవరో రాసేటప్పుడు, లక్షణాలు మొదలైన రోజుకు రెండు రోజుల ముందు నుంచి చూడాలి. ఆ రెండు రోజుల్లో ఆరడుగుల లోపు పావుగంటకు మించి గడిపినవాళ్లంతా లెక్కలోకి వస్తారు. టీచర్లను అడిగితే క్లాసులో పక్కవాళ్ల పేర్లే చెబుతారు. ఆ పిల్లనే మెల్లగా అడగండి: ఎవరి దుప్పట్లో దూరి కబుర్లు చెప్పుకున్నావు, ఎవరితో జడ వేయించుకున్నావు, ఆదివారం ఎవరితో కలిసి బట్టలు ఉతికావు? అసలు జాబితా అక్కడ వస్తుంది.

ప్రశ్న: ఏడు రోజులు పూర్తయినా నెగటివ్ సర్టిఫికెట్ తెస్తేనే క్లాసులోకి రానిస్తామంటున్నారు. ఇది సరైనదేనా? (ఒక తండ్రి, ప్రకాశం జిల్లా)

సరి కాదు. పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 7 రోజులు గడిచి, చివరి 3 రోజులు జ్వరం మాత్ర వేయకుండానే జ్వరం రాకపోతే ఐసోలేషన్ ముగిసినట్టే. మళ్లీ టెస్టు అవసరం లేదని జనవరి 2022 నిబంధనల్లోనే ఉంది. కోలుకున్నాక కూడా చచ్చిన వైరస్ ముక్కల వల్ల ఆర్టీపీసీఆర్ కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపించవచ్చు. దాన్ని పట్టుకుని పిల్లను బయటే ఉంచితే చదువు పోవడం తప్ప ఎవరికీ లాభం లేదు. పీహెచ్‌సీ డాక్టరు చేత ఐసోలేషన్ ముగిసిందని ఒక చీటీ రాయించి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి.

ప్రశ్న: ఆశ్రమ పాఠశాలలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. పల్స్ ఆక్సీమీటర్ ఒకటి ఉంది. రోజుకు ఎన్నిసార్లు చూడాలి? ఏ అంకె వస్తే 108కి ఫోన్ చేయాలి? పారాసెటమాల్ ఎంత ఇవ్వాలి? (అల్లూరి ప్రాంతపు ఏజెన్సీ నుంచి)

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, అంటే నాలుగుసార్లు. ప్రతిసారి మూడు అంకెలు రాయండి: జ్వరం, ఆక్సిజన్, నిమిషానికి ఎన్ని ఊపిరులు. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ పిల్లల్లో ముందుగా మారేది చాలాసార్లు అదే. పిల్లకు తెలియకుండా, పొట్ట లేవడం చూస్తూ పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. ఐదేళ్లు దాటిన పిల్లలకు నిమిషానికి 30 లేదా అంతకు మించితే అది వేగంగా ఊపిరి తీయడమే. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు లెక్కపెడితే అంకె పెరిగి ఉంటుంది, జ్వరం తగ్గాక మళ్లీ చూడండి.

ఆక్సీమీటర్ పెట్టే ముందు పిల్లను ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. ఏజెన్సీలో తెల్లవారుజాము చలికి వేళ్లు చల్లబడి అంకె తక్కువ చూపిస్తుంది. చేతులు రుద్ది వెచ్చబరచి పెట్టండి. గోళ్లకు ముదురు రంగు పాలిష్, నల్ల మెహందీ ఉంటే ఏ రంగూ లేని వేలు చూసుకోండి. చెయ్యి కదలకుండా ఒక నిమిషం ఉంచి, అంకె నిలకడగా ఆగాకే రాయండి. 94, అంతకు పైన ఉంటే ఫరవాలేదు. 94 కంటే తక్కువ వస్తే రెండో చేతికి మళ్లీ పెట్టండి. అప్పుడూ అంతే ఉంటే డాక్టరుకు చెప్పి 108 పిలవండి. 90 కంటే తక్కువైతే అది ప్రాణాపాయం, డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆగకండి.

అంకెలు బాగున్నా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం, మత్తుగా పడి ఉండటం, ఏమీ తాగలేకపోవడం, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, 6 నుంచి 8 గంటలుగా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికే.

12 ఏళ్లు దాటిన పిల్లలకు ఆరు నిమిషాల నడక పరీక్ష పనికొస్తుంది. ఆక్సీమీటర్ వేలికి ఉంచి, గదిలో ఆగకుండా ఆరు నిమిషాలు నడిపించాలి. మీరు పక్కనే ఉండాలి. అంకె 94 కంటే కిందికి దిగినా, మొదలుపెట్టినప్పటి కంటే 3 నుంచి 5 తగ్గినా, తల తిరుగుతోందన్నా వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ పరీక్ష వద్దు.

పారాసెటమాల్ వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇవ్వాలి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 25 కిలోల పిల్లకు 500 మాత్రలో సగం, 35 నుంచి 45 కిలోల పిల్లకు ఒకటి. మాత్రకూ మాత్రకూ మధ్య ఆరు గంటలు ఉంచితే రోజుకు నాలుగు దాటదు. హాస్టల్లో జలుబుకు ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే మోతాదు రెట్టింపై కాలేయానికి ముప్పు. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, డెక్సామెథాసోన్ ముందుజాగ్రత్త పేరుతో పంచొద్దు. తేలికపాటి కరోనాకు స్టెరాయిడ్ ఇస్తే మేలు లేదు, హాని ఉంది.

మీరు ఉండేది ఏజెన్సీ కనుక రెండు మాటలు. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం లాంటి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాంతాల్లో జ్వరం అంటే మలేరియా అయినా కావొచ్చు. కరోనా టెస్టుతోపాటు మలేరియా ర్యాపిడ్ టెస్టు కూడా చేయండి. కరోనా పాజిటివ్ వచ్చినంత మాత్రాన మలేరియా లేదని కాదు. ఇక సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న పిల్లల పేర్లు విడిగా రాసి గోడకు కాకుండా మీ రిజిస్టర్‌లో ఉంచుకోండి. వాళ్లకు జ్వరంతోపాటు ఛాతీ నొప్పి గానీ, ఎముకల నొప్పి గానీ మొదలైతే 94 కోసం ఎదురుచూడొద్దు, అదే గంటలో పంపించండి. వాళ్లకు నీళ్లు ఎక్కువగా తాగించండి, ఫోలిక్ యాసిడ్ ఆపొద్దు. ఉబ్బసం పిల్లల ఇన్‌హేలర్లు వాళ్ల దగ్గరే ఉండాలి. ఒకరిది ఇంకొకరికి ఇవ్వొద్దు. నెబులైజర్ వల్ల నోటి తుంపరలు గదంతా వ్యాపిస్తాయి కాబట్టి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ వాడటమే మేలు.

ప్రశ్న: మా పాప హాస్టల్లో కేసులు వచ్చాయని తెలిసి గేటు దగ్గరికి వెళ్లాం. పాపను పంపేది లేదన్నారు. బలవంతంగానైనా తెచ్చుకోవాలా? ఇంట్లో మా అత్తగారికి షుగర్ ఉంది. (ఒక తల్లి, సంగారెడ్డి జిల్లా)

మీ ఆందోళన అర్థమైంది. తెచ్చుకోవాలా వద్దా అని తేల్చుకునే ముందు ఇంటిని ఒకసారి చూసుకోండి. పాపకు ఏడు రోజులు విడిగా ఒక గది, వీలైతే విడిగా బాత్రూమ్ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే మీ పాపకంటే మీ అత్తగారికే ముప్పు ఎక్కువ. పిల్లల్లో ఎక్కువమందికి మూడు నాలుగు రోజుల జ్వరంతో పోతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు అలా ఉండదు. ఆమెకు రెండు డోసులు, ఆపైన ప్రికాషన్ డోసు (మూడో డోసు) పడ్డాయో లేదో కూడా చూడండి.

ఇంట్లో వీలుంటే అడిగే హక్కు మీకుంది. అప్పుడు బస్సులో, షేర్ ఆటోలో తీసుకురావొద్దు. సొంత బండి గానీ మాట్లాడుకున్న కారు గానీ అయితే అద్దాలు దించి, అందరూ మాస్కు వేసుకుని రండి. దారిలో హోటల్ దగ్గర ఆగకండి. ఊళ్లో ఆశా కార్యకర్తకు చెప్పండి. ఏడు రోజుల దాకా పాప పెళ్లికి గానీ, పక్కింటికి గానీ వెళ్లకూడదు.

హాస్టల్లో ఉంచేటట్టయితే మూడు విషయాలు అడగండి: పాప ఏ గుంపులో ఉంది, రోజూ అంకెలు చూస్తున్నది ఎవరు, రోజుకోసారి ఆమెతో మాట్లాడించేది ఎన్ని గంటలకు?

ఇదే సందర్భంలో యాజమాన్యాలకు ఒక మాట. గేటు దగ్గర గుంపు కట్టేది సమాచారం తెలియక. మొదటి కేసు తేలిన గంటలోనే మీరే చెబితే టీవీ స్క్రోలింగ్ చూసి పరుగెత్తుకురావాల్సిన పని వాళ్లకు ఉండదు. సందేశంలో పిల్లల పేర్లు వద్దు. ఏ బ్లాకులో ఎంతమందికి వచ్చింది, వాళ్లు ఎలా ఉన్నారు, మీ పాప కలిసి ఉన్నవాళ్లలో ఉందా లేదా, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతాం, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంతే. చెప్పిన గంటకు కొత్త విషయం ఏమీ లేకపోయినా ఫోన్ చేసి అదే చెప్పండి. కేసులు రాగానే హాస్టల్ ఖాళీ చేయించి పిల్లలందరినీ ఒకేసారి బస్సులెక్కించడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. ఒక భవనంలో ఉన్న జబ్బు ఒక్క రాత్రిలో వంద ఊళ్లకు చేరుతుంది.

ప్రశ్న: డార్మిటరీలో చలికి, దోమలకు భయపడి పిల్లలు రాత్రి కిటికీలు మూసేస్తున్నారు. 80 మందికి పది బాత్రూమ్‌లు. దూరం పాటించమంటే ఎలా? (హౌస్ టీచర్, కర్నూలు జిల్లా)

దూరం మీద కంటే గాలి మీద శ్రద్ధ పెట్టండి. కిటికీలు మూసి సీలింగ్ ఫ్యాన్ తిప్పితే ఉన్న గాలే గదంతా తిరుగుతుంది, కొత్త గాలి రాదు. ఎదురెదురుగా రెండు కిటికీలైనా తెరిచి ఉండాలి. గాలి బయటికి పోయే వైపు కిటికీలో ఒక పెడస్టల్ ఫ్యాన్ మొహం బయటికి పెట్టి నడిపితే అవతలి వైపు నుంచి కొత్త గాలి లాక్కుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే దుమ్ము దులిపించి రాత్రంతా నడపండి. చాలా చోట్ల అది ఉంటుంది, కానీ తిరగదు. దోమలకు కిటికీ మెష్ కొట్టించండి లేదా మంచానికి దోమతెర కట్టండి. మస్కిటో కాయిల్ వద్దు, ఆ పొగకు దగ్గు పెరిగితే ఏది జబ్బో ఏది పొగో తెలియదు. చలికి ఇంకో దుప్పటి ఇవ్వడం ఆసుపత్రి ఖర్చు కంటే చవక.

మంచాలు జరపడానికి చోటు లేకపోతే తలలు మార్చండి. ఒకరి తల ఇటు, పక్కవాళ్ల తల అటు. నేల మీద పడుకునేవాళ్లకూ ఇదే. ఖర్చు లేకుండా మొహాల మధ్య దూరం పెరుగుతుంది.

బాత్రూమ్‌ల దగ్గర గుంపు చేరేది పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా. సగం గుంపులకు స్నానం సాయంత్రానికి మార్చండి. భోజనం మెస్ హాల్లో కాకుండా చెట్ల కింద, వరండాలో పెట్టించండి. మాస్కు తీసి, నోరు తెరిచి, మాట్లాడుతూ కూర్చునేది భోజనం దగ్గరే కాబట్టి ఆ అరగంట ఆరుబయట గడిస్తే చాలా మేలు. స్టడీ అవర్ కూడా వరండాలోనే. కుండ మీద గొలుసు కట్టిన గ్లాసు తీసేసి ఎవరి సీసా వాళ్లకు ఇవ్వండి. నైట్ డ్యూటీ టీచర్లను బ్లాకులు మార్చి తిప్పొద్దు, ఒక బ్లాకుకు ఎప్పుడూ అదే ఇద్దరు.

ప్రశ్న: బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలి? పిల్లల మీద కూడా చల్లమంటున్నారు. (కేర్ టేకర్, ఖమ్మం జిల్లా)

పిల్లల మీద, పెద్దల మీద చల్లకూడదు. కళ్లు, చర్మం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మనుషుల మీద చల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది.

సుమారు 30 శాతం క్లోరిన్ ఉండే మామూలు పౌడరైతే పది లీటర్ల బకెట్‌కు 33 గ్రాములు. తలుపు గొళ్లాలు, కుళాయిలు, స్విచ్చులు, మంచాల అంచులు తుడవడానికి ఇది చాలు. స్విచ్చులకు తడి గుడ్డ గట్టిగా పిండి వాడండి. ఐసోలేషన్ బాత్రూమ్‌లకు, వాంతి పడిన చోటికి పది లీటర్లకు 330 గ్రాములు. కలిపి, తేరనిచ్చి, పైన తేట నీళ్లు తీసుకోండి. ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత ఇది పూసి పది నిమిషాలు వదిలి, మంచి నీళ్లతో కడగాలి. మురికి మీద బ్లీచింగ్ పోస్తే దాని బలం మురికికే ఖర్చవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపండి. సంచిలో గడ్డకట్టి వాసన పోయిన పౌడర్ పనిచేయదు. బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

దుప్పట్లకు మామూలు డిటర్జెంట్, మంచి ఎండ చాలు. నేల కడగడం మీద పెట్టే శ్రమలో సగం కిటికీల మీద పెట్టండి. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది గాలిలోంచి.

ప్రశ్న: వంట మనుషులం ఆరుగురం. రోజూ ఊరి నుంచి వచ్చి వెళతాం. పాజిటివ్ పిల్లల కంచాలు మేం కడిగితే మాకు వస్తుందా? (కడప జిల్లా)

సబ్బుతో కడిగితే కంచం వల్ల రాదు. గ్లౌజులు వేసుకోండి, ముందు మిగిలిన అన్నం తీసేసి, వేడి నీళ్లు, సబ్బుతో తోమండి. భోజనం ఐసోలేషన్ గది గడప బయట బల్ల మీద పెట్టి రండి. అసలు భయం కంచాల దగ్గర లేదమ్మా, మీలో ఎవరికైనా జ్వరం వచ్చి, చెప్పకుండా వచ్చి వడ్డించడంలో ఉంది.

ఎందుకు చెప్పరో ప్రిన్సిపాళ్లకు తెలిసే ఉంటుంది. ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్లకు రాని రోజుకు కూలి కట్ అవుతుంది. జ్వరం చెబితే వారం కూలి పోతుందన్నప్పుడు ఎవరైనా మాత్ర వేసుకుని వస్తారు. ఆ వారం కూలి ఆపకుండా ఇప్పించే ఏర్పాటు చేయండి, పొరుగు ఊళ్లో ఇద్దరు ముగ్గురు బదులు మనుషులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. వందలమంది పిల్లల మధ్యకు జబ్బు రాకుండా ఆపడానికి ఇంతకంటే తక్కువ ఖర్చయ్యే మార్గం లేదు.

ప్రశ్న: పదో తరగతి చదువుతున్నాను. నాకు రెండు రోజులుగా గొంతు నొప్పి. చెబితే గదిలో పెట్టి తాళం వేస్తారు, పాఠాలు పోతాయి, నా వల్లే అందరికీ వచ్చిందంటారు. చెప్పకపోతే ఏమవుతుంది? (పేరు వద్దు)

తల్లీ, ఈ రోజే ఏఎన్‌ఎం మేడమ్‌కు చెప్పు. జబ్బు రావడం నీ తప్పు కాదు. చెప్పకపోతే నీ పక్క మంచాల వాళ్లకు అంటుకుని, అప్పుడు క్వారంటైన్ మీ గదంతటికీ పడుతుంది, నీ ఒక్కదానికి పోయే పాఠాలు అందరికీ పోతాయి. నొప్పి మొదలైన తేదీ సరిగ్గా చెప్పు, ఎవరెవరితో కూర్చున్నావో చెప్పు. పుస్తకాలు, నోట్సు, సీసా, రెండు జతల బట్టలు, చార్జింగ్ లైటు సర్దుకుని వెళ్లు. రెండు రోజులు ఒళ్లు నొప్పులుంటే చదవకు, పడుకో. జ్వరం తగ్గాక రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టు.

వార్డెన్లూ, ఈ అమ్మాయి రాసిన తాళం మాట చదవండి. ఐసోలేషన్ గదికి బయట తాళం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. నిప్పు అంటుకున్నా, రాత్రి ఊపిరి అందకపోయినా లోపలి పిల్ల బయటికి రాగలగాలి. రాత్రి ఒక పెద్ద మనిషి పిలిస్తే వినపడే దూరంలో పడుకోవాలి, గదిలో ఒక బెల్లో ఫోనో ఉండాలి. గణితం, సైన్సు టీచర్లు రోజుకో గంట ఫోన్ స్పీకర్‌లో పాఠం చెప్పినా వాళ్లు వెనకబడరు. లక్షణం చెప్పిన పిల్లను అసెంబ్లీలో పేరు పెట్టి పిలవొద్దు. పొద్దున అందరినీ లైన్లో నిలబెట్టి జ్వరం ఎవరికని అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తరు. గుంపు లీడరు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగి చీటీ మీద రాసివ్వాలి. నుదుటి మీద పెట్టే థర్మల్ గన్ చన్నీటి స్నానం తర్వాత తక్కువ, ఎండలోంచి వస్తే ఎక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే చంకలో డిజిటల్ థర్మామీటర్ పెట్టండి, 100.4 దాటితే జ్వరమే.

ప్రశ్న: టీకా ఎవరికి? నొప్పికి ముందే మాత్ర ఇవ్వొచ్చా? (టీచర్, గుంటూరు జిల్లా)

2007లో గానీ అంతకుముందు గానీ పుట్టిన పిల్లలకు 2022 జనవరి 3 నుంచి కోవాగ్జిన్ ఇవ్వడం మొదలైంది. రెండో డోసు 28 రోజులకు. కరోనా వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగాలన్నది అప్పటి నిబంధన. టీకా వేశాక పారాసెటమాల్ అవసరం లేదని తయారు చేసిన భారత్ బయోటెక్ సంస్థే చెప్పింది. వేసిన తర్వాత అరగంట కూర్చోబెట్టండి, ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి.

ప్రశ్న: కోలుకున్న పిల్లలను గ్రౌండ్‌కు ఎప్పుడు తీసుకురావాలి? జిల్లా కబడ్డీ పోటీలు ఉన్నాయి. (పీఈటీ, నిజామాబాద్ జిల్లా)

ఐసోలేషన్ ముగిసిన రోజే కూతకు పంపొద్దు. మొదటి రెండు మూడు రోజులు నడక, పావుగంట. ఆయాసం, గుండె దడ, ఛాతీ నొప్పి లేకపోతే తర్వాతి రెండు రోజులు మెల్లని పరుగు, ఆ తర్వాత జట్టు ఆట, చివర పోటీ. మొత్తం వారం పడుతుంది. ఏ మెట్టు దగ్గర ఇబ్బంది పడ్డా ఆపి డాక్టరుకు చూపించండి. జ్వరం నాలుగు రోజులకు మించి ఉన్న పిల్లలను, ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లను డాక్టరు చెప్పేదాకా ఆడించొద్దు.

గ్రౌండ్‌లో పిల్లలను రోజూ దగ్గరగా చూసేది మీరే కాబట్టి ఇంకొకటి గమనించాలి. కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల మధ్య అరుదుగా కొందరు పిల్లలకు మళ్లీ గట్టిగా జ్వరం వస్తుంది. దాంతోపాటు కళ్లు ఎర్రబడటం, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు, విపరీతమైన నీరసం ఉంటాయి. దీన్ని మిస్-సి అంటారు, గుండెకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. కడుపునొప్పి ఉంది కదా అని అపెండిసైటిస్ అనో, టైఫాయిడ్ అనో రోజులు గడిచిపోతాయి. పాజిటివ్ వచ్చిన ప్రతి పిల్ల పేరు పక్కన రిజిస్టర్‌లో ఆరు వారాల తర్వాతి తేదీ రాసి పెట్టండి. ఆ తేదీ లోపు జ్వరం వస్తే పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి పంపి, చీటీలో పాత పాజిటివ్ తేదీ తప్పకుండా రాయండి.